కూర్చుని నిద్రపోయే అత్త

పోయిన మంగళవారం మా ఎదురింటి అత్త చనిపోయింది. కబురు అందేసరికి నేను విరుదునగర్‌లో ఒక ఆస్పత్రి ఆపరేషన్ గదిలో ఉన్నాను. అమ్మ ఫోను చేసింది. నా చేతులకు గ్లవుజులు ఉన్నాయి కాబట్టి నర్సమ్మ ఫోను తెచ్చి నా చెవి దగ్గర పెట్టింది.

"పాపా, అత్త పాయ," అంది అమ్మ. "పొద్దున కాపీ తాగి కుట్టుమిషను కాడ కూసునింది. అట్లనే ఒరిగిపాయ. నువ్వు రా."

వెంటనే రాలేనని అమ్మకు తెలుసు. నేను మత్తు డాక్టర్ని. కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్ - ఈ మూడు ఊళ్ల మధ్య ఏ ఆస్పత్రి పిలిస్తే ఆ ఆస్పత్రికి నా సంచీ పట్టుకుని కారులో తిరుగుతుంటాను. మత్తిచ్చినవాళ్లు ఆ మనిషి కళ్లు తెరిచి మాట్లాడేదాకా తల దగ్గర నుంచి కదలకూడదు. బల్ల మీద ఉన్నాయన హెర్నియా ఆపరేషన్‌కు వచ్చిన రైతు. ఇంకో ముప్పావుగంట నేను ఆయన తల దగ్గరే నిలబడి, ఛాతీ లేవడం దిగడం చూస్తూ ఉన్నాను. కళ్లు తుడుచుకోవడానికి కూడా వీల్లేదు. ఆయన లేచి, తన పేరు చెప్పి, నీళ్లడిగాక బయటికొచ్చి కారెక్కాను.

అత్త మాకు రక్త సంబంధం కాదు. మాది విళాత్తికుళం పక్క నల్లరేగడి పల్లె. నన్ను బళ్లో వెయ్యడానికి నాయన కోవిల్‌పట్టిలో ఇల్లు అద్దెకు తీసుకున్నప్పుడు నాకు ఆరేళ్లు. ఆ సందులో తెలుగు మాట్లాడే ఇళ్లు రెండే, మాదీ ఎదురింటిదీ. సామాను దించుతున్న రోజే ఆవిడ గుమ్మంలోకి వచ్చి, మా అమ్మ నన్ను తెలుగులో తిట్టడం విని, "అయ్యో, మనోళ్లా!" అని నవ్విందట. ఆ నిమిషం నుంచి ఆవిడ అత్త, ఆయన మామ. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. మా ఇళ్లలో తెలుగు నోటికే గాని కంటికి లేదు. నేను మాత్రం మదురైలో చదివేటప్పుడు, హాస్టల్లో చిత్తూరు నుంచి వచ్చిన స్నేహితురాలి దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. కాబట్టి ఈ రాత అత్త బతికుండి చేతికిచ్చినా చదవగలిగేది కాదు. నేనే చదివి వినిపించాల్సి వచ్చేది. ఆవిడ మధ్యలో ఆపి, "అంత పొడవు ఏంటికి, కురచ చెయ్యి," అనేది తప్పకుండా.

అత్త ఆడవాళ్ల బట్టలు కుట్టేది. ఇంటి ముందు గదిలో కిటికీ పక్కన మిషను. పెదవుల మధ్య గుండుసూదులు పెట్టుకునే మాట్లాడేది, ఒక్కటీ జారేది కాదు. కరుపట్టి, అంటే తాటిబెల్లం, వేసిన కాపీ పాలు లేకుండా తాగేది. పండగ రోజుల్లో ఆ గదిలో నిలబడడానికి చోటుండేది కాదు. సందులో ఇద్దరు ముగ్గురు కుట్టేవాళ్లున్నా అందరూ అత్త దగ్గరికే రావడానికి కారణం కుట్టు ఒక్కటే కాదని నాకు పెద్దయ్యాక అర్థమైంది. మిగతాచోట్ల కొలత తీసేవాళ్లు అంకెను గట్టిగా పలికితే, పక్కన కూర్చున్న పిల్ల నోటుబుక్కులో రాసుకునేది. అత్త అలా చేసేది కాదు. టేపు చుట్టి, చూసి, తనే కాగితం ముక్క మీద రాసి, మడిచి, గుడ్డ లోపల పెట్టేది. ఒకసారి ఒకావిడ, "ఎంతుంది, పోయిన ఏటికన్నా ఎక్కువా?" అని అడిగితే, "కొలత గుడ్డకు గావాల. నీకేంటికి?" అంది.

నా దగ్గర మాత్రం ఇంకోలా చెప్పేది. "కొలత రాసేది పాపా, అరిసేది కాదు."

అత్త లావు మనిషి. ఎంత లావో అంకె చెప్పను. అది ఆవిడ సొంతం. కానీ ఆ లావు వల్ల ఆవిడ ఎలా బతికిందో చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. టౌను బస్సులో ఒక కండక్టరు అందరి ముందూ రెండు టిక్కెట్లు చింపి చేతికిచ్చాడు. నేను పక్కనే ఉన్నాను, ఎనిమిదో క్లాసు. అత్త అందరికన్నా ముందు తనే నవ్వింది. "మూడు ఇవ్వు సామీ, కాళ్లు సాపుకుంటాను," అని తమిళంలో అంది. బస్సంతా నవ్వింది. ఎక్కడికెళ్లినా అంతే, ఎవరైనా అనబోయేలోగా తనే అనేసేది. తన గురించి తనే నవ్వుకునే మనిషికి బాధ ఉండదని నేను చాలా ఏళ్లు అనుకున్నాను. ఆ రోజు బస్సు దిగాక, ఇంటిదాకా నా చెయ్యి పట్టుకుని ఒక్క మాటా మాట్లాడకుండా నడిచింది. అది అప్పుడు నాకు పట్టలేదు.

ఎనిమిదేళ్ల కిందట అత్తకు పిత్తాశయంలో రాళ్లని తేలింది. తిన్నప్పుడల్లా కుడి డొక్కలో నొప్పి, వాంతులు. ఆపరేషన్ చేసి తీసెయ్యాలన్నారు. మొదట వెళ్లిన ఆస్పత్రిలో తూకం చూసే మనిషి వరండా ఆ చివర నుంచి ఈ చివర దాకా వినిపించేట్టు అంకె అరిచిందట. అత్త తూకం మిషను దిగి, చెప్పులు తొడుక్కుని, అక్కడి నుంచే తిరిగొచ్చేసింది. మళ్లీ ఏ ఆస్పత్రికీ రానంది. నేను మదురైలో మత్తు చదువు ముగించి ఊరికొచ్చి అప్పటికి ఏడాది. ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి అమ్మ పక్కన కూర్చుని, "పాపా, నువ్వు మయక్కం ఇస్తే సేయించుకుంటాను. ల్యాకుంటే ఈ రాళ్లు నాతోనే రానీ," అంది. మయక్కమంటే మా వైపు మత్తు. నాకు ఒళ్లంతా గర్వం. సరేనన్నాను.

మత్తు డాక్టరుకు అసలు పరీక్ష మత్తివ్వడం కాదు. మనిషి నిద్రలోకి జారగానే ఊపిరి ఆగుతుంది. గొంతులోంచి గాలి గొట్టం దాకా ఒక గొట్టం దించి మనం ఊపిరి అందించాలి. కొందరిలో అది అరనిమిషం పని. కొందరిలో దారే కనిపించదు. ఎవరిలో కనిపించదో ముందే పసిగట్టాలి. లావున్నవాళ్లందరికీ గొట్టం వెయ్యడం కష్టం కాదు. తూకం ఒక్కటే చూసి ఏమీ చెప్పలేం. నోరెంత తెరుచుకుంటుంది, లోపల కొండనాలుక కనిపిస్తుందా, మెడ ఎంత వెనక్కి వాలుతుంది, మెడ చుట్టుకొలత ఎంత, గురక పెడతారా, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తారా - ఇవన్నీ కలిపి చూడాలి. ఇవన్నీ నాకు తెలుసు. తెలియక తప్పు చేశానని చెప్పుకునే అవకాశం నాకు లేదు.

అత్తను ముందు గదిలోనే చూశాను, కాపీ తాగుతూ. నోరు తెరవమంటే బాగా తెరిచింది. కొండనాలుక చక్కగా కనిపించింది. మెడ వాల్చమంటే వాల్చింది. మామ పడక్కుర్చీలో పేపరు చదువుతున్నాడు.

"మామా, అత్త గురక పెడ్తుందా?" అని అరిచినట్టే అడిగాను.

"గొరకా? ల్యాదే," అన్నాడు మామ.

మామ ముప్పయ్యేళ్లు నూలు మిల్లులో పని చేశాడు. ఆ మరల మోతలో చెవులు సగానికి పైగా పోయాయి. ఆ సంగతి నాకు ఆరేళ్లప్పటి నుంచి తెలుసు. అయినా ఆయన మాట రాసుకున్నాను. ఆయన జవాబు చెబుతున్నప్పుడు అత్త నా వైపు ఒకసారి చూసి, చూపు మిషను మీదికి తిప్పుకుంది. అది కూడా గమనించాను. ఇంటి మనిషి కదా, గుచ్చి గుచ్చి అడిగితే ఏమనుకుంటుందోనని వదిలేశాను. మెడ చుట్టుకొలత తియ్యాలి. టేపు అక్కడే, అత్త మెడలోనే వేలాడుతోంది. ఊరందరినీ కొలిచిన ఆ టేపును అత్త తన మెడ చుట్టూ ఒక్కసారి కూడా చుట్టుకోలేదు. తన జాకెట్లు కంటి అంచనాతో కుట్టుకునేది. ఆమె ముందు ఆ టేపు అందుకోవడానికి నాకు చెయ్యి రాలేదు. అది మర్యాద అనుకున్నాను.

ఆపరేషన్ రోజు బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టాం. అత్త రెండు చేతులతో బల్ల అంచులు పట్టుకుంది. భయమనుకున్నాను.

"పాపా, తల కింద ఇంకొంచెం ఎత్తు పెట్టవా?" అంది.

"రెండు నిమిషాలే అత్తా, నిద్రపోతావు," అన్నాను.

ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

నిద్రలోకి జారగానే నాలుక వెనక్కి పడిపోయింది. ముఖానికి మాస్కు ఎంత అదిమినా గాలి లోపలికి పోలేదు. లావున్నవాళ్లు వెల్లకిలా పడుకుంటే పొట్ట ఊపిరితిత్తులను పైకి తోస్తుంది. లోపల దాచుకున్న గాలి తక్కువ, తొందరగా అయిపోతుంది. లైటున్న పరికరం నోట్లో పెట్టి చూశాను. కండ తప్ప ఏమీ కనిపించలేదు. తల కొంచెం లేపి మళ్లీ చూశాను. అదే కండ. రక్తంలో ప్రాణవాయువు తగ్గేకొద్దీ యంత్రం శబ్దం కిందికి, ఇంకా కిందికి దిగుతుంది. సర్జన్ చెయ్యి అప్పటికే అత్త గొంతు మీద ఉంది, ఎక్కడ కొయ్యాలా అని వెతుకుతూ. నేను చివరి ప్రయత్నంగా, గొంతు వాకిట్లో కూర్చునే మెత్తని మాస్కు ఒకటి లోపలికి దించాను. కూర్చుంది. గాలి పోయింది. ఛాతీ లేచింది. శబ్దం మెల్లగా పైకి ఎక్కడం మొదలుపెట్టింది. ఆపరేషన్ వద్దని చెప్పి, అత్తను లేపేశాను.

సర్జన్ బయటికెళ్తూ తమిళంలో, "ఇంత లావుంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు, డాక్టర్," అన్నాడు. నన్ను ఓదార్చాలనే అన్నాడు. ఆ మాట పట్టుకుని నేను తప్పించుకోగలిగేదాన్ని. మామ కూడా నమ్మేవాడు.

గంట తర్వాత అత్త మంచం దగ్గర కూర్చున్నాను. తలవైపు ఎత్తిన మంచంలో వాలి ఉంది. గొంతు బొంగురుపోయింది.

"అయిపాయనా?" అని అడిగింది.

"లేదత్తా. గొట్టం వెయ్యలేకపోయాను. నీకు ఊపిరి అందలేదు కాసేపు. లావు వల్ల కాదు. నేను ముందుగా సరిగ్గా చూడలేదు. తప్పు నాది."

అత్త నా వైపు తిరిగింది. కోపం లేదు. పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలను అడిగినట్టే అడిగింది.

"కొలత తియ్యకుండానే గుడ్డ కత్తిరిస్తివా పాపా?"

నేను ఏడ్చేశాను. ఆస్పత్రి గౌనులో, తలకు టోపీతోనే. అత్త తన చెయ్యి, సెలైను సూది ఉన్న చెయ్యే, నా మోకాలి మీద వేసింది.

"ఏడవొద్దు. నేను గూడా దాసిపెడ్తిని. పడుకుంటే మూచ్చు ఆడదు, ఊపిరే అందదు నాకు. అయిదేండ్లాయ, గోడకు ఒరిగి కూసోనే నిద్దరపోతాను. గొంతు పట్టినట్ల అయ్యి లేస్తాను, మళ్లా కండ్లు మూస్తాను. సెప్పేదానికి సిగ్గయిపాయ. ముందే లావు, దాంతో ఇది గూడానా అంటారని."

మామ మంచం ఆ పక్క నిలబడి, ఏం మాట్లాడుకుంటున్నామా అని మా మొహాలు మార్చి మార్చి చూస్తున్నాడు. అత్త ఆయన వైపు తిరిగి, ఉన్న గొంతంతా పెట్టి అదే మాట మళ్లీ చెప్పింది. ఇన్నేళ్లూ తను ముందు గదిలో వేరేగా పడుకున్నది, ఆయనకు చెప్పినట్టు తెల్లారే కుట్టు పనికి లేవాలని కాదు, ఇందుకని. మామ ఆ ఇనప మంచం కమ్మీ పట్టుకున్నాడు.

"నా సెవులు మిల్లులో పాయ," అన్నాడు. "నీ నోరు యాడ పాయ?"

స్టూలు లాక్కుని ఆవిడ కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి అమ్మకు జరిగింది చెప్పాను. అమ్మ బియ్యం ఏరుతూ, "అత్త గొరక ఎండాకాలం కిటికీ తెరిస్తే మనింట్లోకి వినబడ్తాదే," అంది. "నువ్వు నన్ను అడగలేదే." అన్ని పుస్తకాలు చదివిన నేను అడగాల్సిన మనిషి మా వంటింట్లోనే ఉంది.

నెల రోజుల తర్వాత, ఒక ఆదివారం మధ్యాహ్నం, అత్త నన్ను పిలిచింది. ముందు గది తలుపు వేసింది. మెడలోంచి టేపు తీసి ఒక కొస నా చేతికిచ్చింది, ఇంకో కొస తను పట్టుకుంది. "తియ్యి," అంది. నేను ఆవిడ మెడ చుట్టూ టేపు తిప్పాను. గొంతు ఎముక కింద ఎక్కడ పెట్టాలో, ఎంత బిగువుగా పట్టాలో ఆవిడే సరిచేసింది - "వేలు దూరేట్ల పట్టు, బిగించొద్దు." అంకె చూశాను. ముందే చూసి ఉంటే ఆ రోజు ఆ బల్ల మీద, ఆ తీరుగా, నేను మత్తిచ్చి ఉండేదాన్ని కాదు. నోటితో ఏమీ అనకుండా కాగితం మీద రాసి మడిచాను. అత్త నవ్వలేదు, హాస్యమాడలేదు. తన ఒంటి గురించి ఏ జోకూ వెయ్యకుండా ఉన్న అత్తను నేను మొదటిసారి ఆ మధ్యాహ్నమే చూశాను.

రెండోసారి ఆపరేషన్ విరుదునగర్‌లో పెట్టుకున్నాం. అక్కడ మా సీనియర్ ఒకాయన ఉన్నారు, సన్నని తీగ లాంటి కెమెరాతో, మనిషి మెలకువగా ఉండగానే గొట్టం వెయ్యడంలో చెయ్యి తిరిగినవారు. జరిగిందంతా ఆయనకు చెప్పాను. ఆయన తిట్టలేదు. "ఆమెను ముందు రోజే తీసుకురా, ఎలా నిద్రపోతుందో చూద్దాం," అన్నారు. ముందు రోజు ఖాళీ ఆపరేషన్ బల్ల మీద అత్తను కూర్చోబెట్టి, వెనక దుప్పట్లు మడిచి పేర్చడం మొదలుపెట్టాం. చెవి రంధ్రం, రొమ్ము ఎముక పై అంచు ఒకే ఎత్తులో ఉండాలి. అప్పుడే లోపలి దారి తిన్నగా వస్తుంది. నేనూ నర్సమ్మా మూడుసార్లు పేర్చి మూడుసార్లు తప్పాం. అత్త విసుక్కుని దిగి, దుప్పట్లన్నీ విప్పి, తనే మడిచింది. కింద వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా, ఒక మెట్లవరస లాగా. దాని మీద వాలి, "ఇట్ల," అంది. "అయిదేండ్లుగా ఇట్లనే." సీనియర్ పక్క నుంచి వంగి చూశారు. చెవీ రొమ్ము ఎముకా ఒకే గీతలో ఉన్నాయి.

మర్నాడు పొద్దున అత్త ఆ దుప్పట్ల మీద వాలి, మెలకువగా ఉంది. గొంతు మొద్దుబారడానికి మందు కొట్టాం. "యాపాకు," అని మొహం ముడిచింది. అదే ఆఖరి మాట, ఆ తర్వాత మాట్లాడడానికి కుదరదు. అందుకే ముందే ఒప్పందం చేసుకున్నాం. నేను ఎదురుగా నిలబడి ఆవిడ చెయ్యి పట్టుకుంటాను. ఒక్కసారి నొక్కితే పరవాలేదు, రెండుసార్లు నొక్కితే ఆపేస్తాం. ఎంత మధ్యలో ఉన్నా సరే ఆపేస్తామని సీనియర్ తన నోటితో మాటిచ్చారు. మెలకువగా ఉన్న మనిషి ముక్కులోంచి గొంతులోకి ఒక తీగ దిగడమంటే మాటలు కాదు. అత్త కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. తెర మీద ఆవిడ ఊపిరికి స్వరతంత్రులు తెల్లగా తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. ఆ రోజు నేను ఎంత వెతికినా కనిపించని చోటు అదే.

"ఇప్పుడు పెద్దగా ఊపిరి తీసుకోండమ్మా," అన్నారు సీనియర్ తమిళంలో.

అత్త ఊపిరి తీసుకుంది. తలుపు తెరుచుకుంది. గొట్టం దాటింది. ఆ క్షణంలో నా చెయ్యి ఒక్కసారి, గట్టిగా నొక్కింది. మళ్లీ వదల్లేదు. మత్తు ఎక్కి ఆవిడ వేళ్లు వాటంతటవే సడలేదాకా నేను అలాగే పట్టుకుని ఉన్నాను.

ఆపరేషన్ బాగా జరిగింది. లేవగానే రాళ్లు చూపించమంది. సీసాలో చూపిస్తే, "ఇంత సిన్నవా? ఈటి కోసమా అంత రచ్చ," అంది.

తర్వాత నిద్ర పరీక్ష చేయించాం. నిద్రలో ఊపిరి ఆగే జబ్బని తేలింది. ముక్కుకు తగిలించుకుని పడుకునే గాలి యంత్రం ఒకటి తెచ్చాం. రాత్రి పడుకునేటప్పుడూ, మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడూ దాని పట్టీలు మామే బిగించేవాడు. అయిదేళ్లు గోడకు ఒరిగిన మనిషి మళ్లీ మంచం మీదికి వచ్చింది. మొదటి రోజు భోజనాలయ్యాక వాళ్లింటికి వెళ్తే మామ గుమ్మంలో నన్ను ఆపి, నోటికి వేలు అడ్డం పెట్టి, లోపల మంచం చూపించాడు. రెండు దిండ్ల మీద వాలి అత్త నిద్రపోతోంది. ఆయన తలుపు పక్కన స్టూలు వేసుకుని, పేపరు కూడా విప్పకుండా, అట్లా చూస్తూ కూర్చున్నాడు.

నా దగ్గరికి పని నేర్చుకోవడానికి వచ్చే జూనియర్లను నేను అత్త దగ్గరికి తీసుకెళ్లేదాన్ని. ఆవిడ ఒప్పుకునే తీసుకెళ్లేదాన్ని. పోయిన ఏడాది ఒక అబ్బాయి వచ్చాడు, తెలివైనవాడు, చేతిలో కాగితం, పెన్ను. లోపలికి వచ్చీ రాగానే, "అమ్మా, మీ బరువెంత?" అన్నాడు.

అత్త పెదవుల్లోంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి మిషను మీద పెట్టింది. "కూసో," అంది. కూర్చున్నాడు. "నా పేరు అడిగినావా?" లేదన్నాడు. "తిన్నావా?" తిన్నానన్నాడు. "నాకు యాడ నొప్పి, ఎట్ల నిద్దర, ఏమి బయం, అడిగినావా? తూకం నేను ఏడికీ ఎత్తుకోని పారిపోను. ఆఖర్న అడుగు, సెప్తాను." వాడికి తెలుగు రాదు, అత్త అదంతా తమిళంలోనే చెప్పింది. నాకు మాత్రం చెవిలో మా తెలుగే వినిపించింది. వాడు గంటన్నర కూర్చున్నాడు. వెళ్లేటప్పుడు అత్త వాడి చొక్కాకు ఊడిపోయిన బొత్తాం కుట్టి పంపింది. ఆ వారమే వాడు ఒక లావుపాటి పేషెంటు భార్యను పక్కకు తీసుకెళ్లి, చాలాసేపు మాట్లాడి వచ్చి, "మేడమ్, ఈయన కూర్చునే నిద్రపోతారట," అని నాతో చెప్పాడు. మేం ఏర్పాట్లు మార్చుకున్నాం. ఆయన క్షేమంగా ఇంటికి వెళ్లాడు. అత్త ఎవరో ఆయనకు తెలియదు.

ఇలాంటివాళ్లు ఎంతమందో నేను లెక్క పెట్టలేదు. అత్త దగ్గర ఈ సంగతులు చెబితే, "సరి సరి, ఆ దారం అందుకో," అనేది. పొగిడితే ఆవిడకు పని ఆగిపోయేది, అదే ఇబ్బంది.

మంగళవారం నేను కోవిల్‌పట్టి చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. సందు నిండా ఆడవాళ్లు. అత్త మొహం ప్రశాంతంగా ఉంది. గుండె ఆగిపోయింది, అంతే. దానికి ఎవరి తప్పూ లేదు. మామ పక్కకు పిలిచి, నా చెవిలో కాకుండా, తనకు వినిపించేంత గట్టిగానే చెప్పాడు. "శవాల బండి పిలిచినాను పాపా. మీ అత్తే సెప్పింది, ఎన్నో తడవలు. నేను పోతే మోసేవాళ్లు గొణుక్కుంటారు, నాకు ఇనబడక పోయినా నీకు మానం పోతాది, బండి పెట్టు అని. నాకు సెవులే ల్యావు, యాడ ఇనబడ్తాది అంటే నవ్వింది."

శవాల బండి మా సందులోకి పట్టదు. సందు మొదట్లో, మెయిన్ రోడ్డు మీద, వెనక తలుపు తెరిచి ఆగి ఉంది. అక్కడిదాకా మోసుకెళ్లాలి. సందులోని మగవాళ్లు వచ్చి పాడె పట్టుకున్నారు. టీ కొట్టాయన, ఆటో నడిపేవాళ్లు ఇద్దరు, పాల వ్యాను అన్న, ఇంకా కొందరు. లేపుతున్నప్పుడు నేను అమ్మ చెయ్యి పట్టుకుని చెవులు రిక్కించి విన్నాను. బరువన్న మాట ఎవరి నోటి నుంచి వస్తుందా అని విన్నాను. "మెల్లగా, మెల్లగా," అన్నది తప్ప ఇంకో మాట రాలేదు.

మా వైపు ఆడవాళ్లు సందు చివరిదాకానే వెళ్తాం. అక్కడ నిలబడ్డాం. పాడె బండి దగ్గరికి వచ్చింది. ముందు పట్టుకున్న టీ కొట్టాయన ఆగలేదు. ఒక్కసారి మామ వైపు చూశాడు. మామ తలూపాడు. వాళ్లు తెరిచి ఉన్న తలుపు పక్క నుంచి దాటి, శ్మశానం వైపు రోడ్డు మీదికి నడిచారు. మెకానిక్ షాపులోంచి ఒకతను చేతులు తుడుచుకుంటూ వచ్చి భుజం పెట్టాడు. బస్సు కోసం నిలబడ్డ ఇద్దరు సంచులు కింద పెట్టి వచ్చారు. అలిసినవాళ్లు తప్పుకుంటున్నారు, కొత్తవాళ్లు అందుకుంటున్నారు, నడక మాత్రం ఎక్కడా ఆగలేదు. బండి డ్రైవరు కాసేపు తలుపు పట్టుకుని అలాగే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తలుపు మూసి, ఎక్కి, హారన్ కొట్టకుండా, ఖాళీ బండిని వాళ్ల వెనకాలే మెల్లగా, నడక వేగంతో, పోనిస్తూ వెళ్లాడు.